ఎండ ఉంది, ప్యానెళ్లు ఉన్నాయి, కరెంట్ మాత్రం లేదు: ఆన్‌గ్రిడ్ సోలార్ అసలు ఎలా పనిచేస్తుంది?

నేను ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాస్తుంటాను. ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది. తెల్లాపూర్‌లో మా ఇంటి డాబా మీద ఉన్న 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ సిస్టమ్. దీన్ని పెట్టించింది నేనే, ఇంట్లో అందరినీ ఒప్పించిందీ నేనే. ఒప్పించేటప్పుడు ఒక తప్పు మాట కూడా చెప్పాను: "ఇక మనకు కరెంట్ కట్ ఉండదు."

ఆ తప్పు బయటపడింది మే నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు. మా వీధి మూల మీద మట్టి లోడుతో పోతున్న టిప్పర్ ఒకటి వైర్లను తగిలించుకుని తెంపేసింది. వీధంతా కరెంట్ పోయింది, మా ఇంట్లో కూడా. యాప్ తెరిస్తే అంతకు ముందు నిమిషం దాకా 2.4 కిలోవాట్లు చూపించిన గ్రాఫ్ నిట్టనిలువునా సున్నాకి పడిపోయింది. కింద ఎర్ర అక్షరాల్లో "గ్రిడ్ లాస్".

"ఏందిరా ఇది? నెత్తి మీద ఎండ మండుతుంది, ఇంట్ల ఫ్యాన్ తిరుగుతలేదు. రెండు లక్షలు పెట్టింది దీనికేనా?" అన్నాడు నాన్న.

వైరింగ్ పనులు చేసే తెలిసినన్న ఒకాయన అప్పుడే అటు వచ్చి ఐడియా ఇచ్చాడు. పాత యూపీఎస్ అవుట్‌పుట్‌ను సోలార్ ఇన్వర్టర్‌కి చూపిస్తే అదే గ్రిడ్ అనుకుని ఆన్ అవుతుందట. నిజం చెప్పాలంటే నాకు చేతులు దురద పెట్టాయి. ఫోన్ రూట్ చేసినంత ఈజీ అనిపించింది. కరెంట్ ఎంతసేపట్లో వస్తుందో కనుక్కుందామని బయటికి వెళ్తే, లైన్‌మన్ అన్న నిచ్చెన మీద ఉన్నాడు. నన్ను చూసి పైనుంచే అడిగాడు:

"ఈ లైన్ల సోలార్ ఎవరిదన్నా ఉందా తమ్మీ?"

"మాదే అన్నా. అదంతట అదే ఆఫ్ అయిపోతది."

"అయితదేమో. నువ్వు పోయి స్విచ్ కూడా బంద్ చేసి రా."

నాన్న ప్రశ్నకు జవాబు ఆయన మాటల్లోనే ఉంది. ఎందుకో అర్థం కావాలంటే డాబా మీద నుంచి మొదలుపెట్టి మీటర్ దాకా దిగి రావాలి.

ప్యానెల్: స్పెక్ షీట్‌లో ఉన్న వాట్లు ఎప్పుడొస్తాయి?

మావి 540 వాట్ల మోనో ప్యానెళ్లు ఆరు. అంటే మొత్తం 3,240 వాట్లు. ఒక్కో ప్యానెల్ పవర్ ఎనిమిది 67 వాట్ల ఫోన్ చార్జర్లకు సమానం. కానీ ఈ 540 అనేది ల్యాబ్ నంబర్: చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి కొలత. మే నెలలో మన డాబా మీద సెల్ 65 డిగ్రీలకు ఈజీగా చేరుతుంది. ఈ రకం ప్యానెళ్లు ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం పవర్ కోల్పోతాయి. 40 డిగ్రీలు ఎక్కువంటే 14 శాతం పోయినట్టే. 540 కాస్తా 465 దగ్గరికి వస్తుంది. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టిన ఫోన్ ఎలా స్లో అవుతుందో, ఇదీ అంతే.

ఆరు ప్యానెళ్లూ ఒకదాని వెనుక ఒకటి సిరీస్‌లో కలిపి ఉంటాయి. దీన్నే స్ట్రింగ్ అంటారు. ఒక్కోటి 41 వోల్టుల చుట్టూ ఇస్తే ఆరూ కలిసి దాదాపు 250 వోల్టుల డీసీ. ఇది తమాషా వోల్టేజ్ కాదు. ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో ఉంటూనే ఉంటుంది, ఇంట్లో కరెంట్ పోయినా సరే. కాబట్టి కనెక్టర్లను మీరే పీకి చూద్దామనే ఆలోచన వద్దు.

ఇన్వర్టర్: బాక్స్‌లో ఉన్న అసలు బుర్ర

గోడకి వేలాడే ఆ డబ్బా రెండు పనులు చేస్తుంది. మొదటిది ఎంపీపీటీ. ప్యానెల్ నుంచి ఎక్కువ కరెంట్ లాగితే వోల్టేజ్ పడిపోతుంది, వోల్టేజ్ ఎక్కువ ఉంచితే కరెంట్ తగ్గుతుంది. ఈ రెండూ గుణిస్తే ఎక్కువ వచ్చే పాయింట్ ఒకటి మధ్యలో ఉంటుంది. మబ్బు వచ్చినా, వేడి పెరిగినా ఆ పాయింట్ జరిగిపోతుంది. ఇన్వర్టర్ దాన్ని రోజంతా వెతుకుతూనే ఉంటుంది.

రెండోది డీసీని ఏసీగా మార్చడం. (ఇక్కడ ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు!) లోపలి పవర్ ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు ఆన్-ఆఫ్ అవుతూ డీసీని ముక్కలు చేసి, 50 హెర్ట్జ్ అలలాగా మలుస్తాయి. మామూలు యూపీఎస్ కూడా ఇదే చేస్తుంది కదా అంటారా? తేడా ఒక్కటే, కానీ మొత్తం కథ దానిలోనే ఉంది. యూపీఎస్ తన అలను తానే తయారు చేసుకుంటుంది. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అలా చేయదు. గ్రిడ్‌లో ఉన్న అలను చూసి, దానితో అడుగు కలిపి, అదే తాళంలో కరెంట్‌ను తోస్తుంది.

ఆ తాళం ఎంత పెద్దదో ఒకసారి ఊహించండి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకటే ఫ్రీక్వెన్సీ. అంటే తెల్లాపూర్‌లో మా గోడ మీది డబ్బా, ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న థర్మల్ ప్లాంట్ టర్బైన్‌తో కలిసి అడుగులేస్తోంది. బృందంలో ఒక చిన్న గొంతు అది. మిగతా వాళ్లంతా ఆపేస్తే ఒంటరిగా పాడటం దానికి రాదు.

గ్రిడ్ పోతే ఎందుకు ఆగిపోవాలి?

రాదు అనడం సగం నిజమే. పాడకూడదు అనేది మిగతా సగం. వీధి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను మన ఇళ్లకు పనికొచ్చేలా తగ్గిస్తుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కి దిక్కు తెలియదు. మన వైపు నుంచి 230 వోల్టులు వెనక్కి వెళ్తే, అటు పక్క 11,000 వోల్టుల లెక్కలో పైకి లేస్తుంది. సప్లై ఆపేశాం కదా అనుకుని పని చేసే మనిషికి అది చావే.

వీధంతా లోడ్ ఉంటే ఒక ఇంటి 3 కిలోవాట్లు క్షణంలో కుప్పకూలుతాయి. అది నిజమే. కానీ లైన్‌మన్ అటు ఇటు ఫ్యూజులు తీసి, రెండు మూడు ఇళ్ల చిన్న లోడ్ మాత్రమే మిగిలిందనుకోండి. అప్పుడు సోలార్ ఆ చిన్న ముక్కను బతికించి ఉంచే అవకాశం ఉంది. చుట్టూ కరెంట్ లేకపోయినా అక్కడ మాత్రం ఉంటుంది. సముద్రంలో దీవిలా. అందుకే దీన్ని ఐలాండింగ్ అంటారు, దీన్ని ఆపే ఏర్పాటు యాంటీ-ఐలాండింగ్.

2013లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి దీవి ఏర్పడితే 2 సెకన్లలోపు సిస్టమ్ గ్రిడ్‌కు కరెంట్ పంపడం ఆపేయాలి. గ్రిడ్ తిరిగొచ్చాక వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే మళ్లీ కలవాలి. కరెంట్ వచ్చినా యాప్‌లో కాసేపు "వెయిటింగ్" అని కనిపించేది ఇందుకే. సిస్టమ్ పాడవలేదు.

మరి గ్రిడ్ పోయిందని దానికి ఎలా తెలుస్తుంది? ముందుగా వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ హద్దులు చూస్తుంది. అది చాలదు, ఎందుకంటే దీవిలో కూడా ఒక్కోసారి అంకెలు మామూలుగానే ఉంటాయి. అందుకని ఇన్వర్టర్ అప్పుడప్పుడు ఫ్రీక్వెన్సీని కొద్దిగా నెట్టి చూస్తుంది. ఆగి ఉన్న లారీని భుజంతో తోసి చూడటం లాంటిది. గ్రిడ్ ఉంటే అది కదలదు. కదిలిందంటే అవతల లారీ లేదు, ఒట్టి సైకిల్ ఉంది. వెంటనే ఆఫ్.

ఇది మన దగ్గర మాత్రమే కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ రెండూ పట్టపగలు చీకటైపోయాయి. స్పెయిన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది, ఎండ కూడా బాగానే ఉంది. డాబా మీద ఆన్‌గ్రిడ్ ప్యానెళ్లు ఉన్న ఇళ్లకూ బ్యాకప్ లేకపోతే కరెంట్ లేదు.

ఇప్పుడు ఆ యూపీఎస్ జుగాడ్ సంగతి చూద్దాం. దొంగ గ్రిడ్ చూపిస్తే ఇన్వర్టర్ నిజంగానే ఆన్ కావచ్చు. ఇంట్లో వాడకం 300 వాట్లు, ప్యానెళ్లు ఇచ్చేది 2,400 వాట్లు అయితే మిగతాది యూపీఎస్ అవుట్‌పుట్‌లోకి వెనక్కి దూరుతుంది. అలా తీసుకునేలా తయారు చేయని యూపీఎస్ కాలిపోతుంది. మెయిన్ స్విచ్ ఆఫ్ చేయడం మర్చిపోతే నిచ్చెన మీద ఉన్న మనిషి సంగతి ఇందాక చెప్పాను. సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం ఉన్నా స్విచ్ కూడా ఆపమని ఆయన అన్నది అందుకే. చేత్తో ఆపి, తాళం వేసే వీలున్న ఐసోలేటర్ ఉండాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. మీ ఇంట్లో అది ఎక్కడుందో ఇవాళే చూసి పెట్టుకోండి.

నెట్ మీటర్: రెండు అంకెలు ఎందుకు కలవవు?

చాలామంది కంగారు పడేది ఇక్కడే. యాప్‌లో ఇవాళ 13 యూనిట్లు తయారైనట్టు ఉంటుంది, మీటర్‌లో ఎక్స్‌పోర్ట్ 8 మాత్రమే పెరుగుతుంది. మిగతా 5 ఎవరు తిన్నారు? మనమే. సోలార్ కరెంట్ ముందు ఇంట్లో నడుస్తున్న ఫ్రిజ్, మోటర్, ఏసీలకు వెళ్తుంది. మిగిలిందే మీటర్ దాటుతుంది. సాయంత్రం నుంచి మనం గ్రిడ్ నుంచి తీసుకున్నది ఇంపోర్ట్. నెలాఖరున ఇంపోర్ట్‌లోంచి ఎక్స్‌పోర్ట్ తీసేసి బిల్ వేస్తారు.

ఒక హెచ్చరిక. నెట్ మీటర్ పెట్టకముందే సిస్టమ్ ఆన్ చేయొద్దు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి దిక్కుతో పని లేదు. మీరు బయటికి పంపిన యూనిట్‌ను కూడా వాడిన యూనిట్‌గానే లెక్కేస్తాయి. కరెంట్ ఇచ్చి, దానికి మళ్లీ డబ్బు కట్టినట్టు!

ఇంకో చిన్న విషయం. మధ్యాహ్నం గ్రాఫ్ ఉన్నట్టుండి పడి, మళ్లీ లేస్తుంటే వోల్టేజ్ చూడండి. 230కి 10 శాతం ఎక్కువ, అంటే 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ పక్కకు తప్పుకోవాలి. లైన్ చివర ఉన్న ఇళ్లలో ఎండ బాగా ఉన్నప్పుడు ఇది జరుగుతుంటుంది. తప్పు ప్యానెళ్లది కాదు.

బిల్ లెక్క: పై స్లాబ్ నుంచి కోత

తెలంగాణ 2022-23 టారిఫ్ రేట్లతో ఒక ఉదాహరణ చూద్దాం. ఏసీ వాడే ఇంట్లో నెలకు 450 యూనిట్లు అనుకోండి.

మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున రూ. 1,020. తర్వాతి 100 యూనిట్లు 7.70 చొప్పున రూ. 770. ఆ తర్వాతి 100 యూనిట్లు 9 చొప్పున రూ. 900. చివరి 50 యూనిట్లు 9.50 చొప్పున రూ. 475. మొత్తం రూ. 3,165. ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ వేరు.

మన దగ్గర ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోవచ్చు. 3 కిలోవాట్లంటే నెలకు సుమారు 360. నెట్ వాడకం 90 యూనిట్లకు దిగుతుంది. 100 లోపు స్లాబ్‌లో మొదటి 50 యూనిట్లు 1.95, మిగతా 40 యూనిట్లు 3.10 చొప్పున వేస్తే సుమారు రూ. 222. అంటే ఆదా రూ. 2,943. ఒక్కో సోలార్ యూనిట్ విలువ 8 రూపాయల పైమాటే. ఎందుకంటే సోలార్ ముందు కోసేది మీ ఖరీదైన స్లాబ్‌ని.

అదే సమయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మీరు వాడిన దానికంటే ఎక్కువ తయారైతే ఆ మిగులుకు వచ్చేది డిస్కం సగటున కరెంట్ కొనే ధర మాత్రమే. అది పై స్లాబ్ రేటు కంటే బాగా తక్కువ. కాబట్టి సిస్టమ్ సైజు డాబా చూసి కాదు, పన్నెండు నెలల బిల్లులు చూసి నిర్ణయించండి.

సబ్సిడీ విషయానికి వస్తే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడోదానికి రూ. 18,000 ఇస్తారు. 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా గరిష్ఠంగా రూ. 78,000. దీనికి సెల్స్, ప్యానెళ్లు రెండూ దేశంలో తయారైనవే కావాలి. మన హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ కూడా ఈ రెండూ తయారు చేస్తుంది.

నాకు మొత్తం రూ. 1.95 లక్షలైంది, సబ్సిడీ పోను రూ. 1.17 లక్షలు. ప్రతి నెలా 2,943 మిగిలితే నలభై నెలల్లో వచ్చేస్తుంది. కానీ చలికాలంలో మా వాడకం 220 యూనిట్లే, అప్పుడు ఆదా వెయ్యి చిల్లరే. ఏడాది సగటు రూ. 2,000 అనుకుంటే ఐదేళ్లు. సేల్స్ వాళ్లు చెప్పే మూడేళ్ల లెక్కల్లో ఎప్పుడూ మే నెలే ఉంటుంది!

తెల్లాపూర్‌లో అడగాల్సిన ప్రశ్న: డిసెంబర్‌లో నీడ ఎక్కడ పడుతుంది?

మా చుట్టుపక్కల ఇండిపెండెంట్ ఇళ్ల పక్కనే టవర్లు లేస్తున్నాయి. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, ఎంత పెద్ద టవర్ నీడైనా దాని కాళ్ల దగ్గరే ఉంటుంది. డిసెంబర్ 21న మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అప్పుడు 100 మీటర్ల టవర్ నీడ ఉత్తరంగా 87 మీటర్ల దాకా సాగుతుంది. మేలో సైట్ విజిట్‌కి వచ్చిన వాళ్లకు ఇది కనిపించదు. మీకు దక్షిణాన టవర్ ఉన్నా, ఖాళీ ప్లాట్‌లో టవర్ రాబోతున్నా ముందే లెక్క వేయించండి.

నీడ ఎందుకంత ప్రమాదం? సిరీస్‌లో కరెంట్ ఒకే పైపులో నీళ్లలాంటిది. ఒకచోట నొక్కితే అంతటా తగ్గుతుంది. ప్యానెల్ లోపలి బైపాస్ డయోడ్లు నీడ పడ్డ భాగాన్ని దాటించి కొంత కాపాడతాయి, అన్నీ కాదు. రోజూ కొన్ని గంటలు నీడ తప్పదంటే ప్యానెల్‌కొకటి ఉండే మైక్రో ఇన్వర్టర్ల వైపు చూడండి. ఖర్చు ఎక్కువ, కానీ ఒకదాని నీడ ఇంకోదాన్ని లాగదు.

ఇక దుమ్ము. ఇన్ని కన్‌స్ట్రక్షన్ సైట్ల మధ్య వారానికోసారి కడగాల్సిందే. ఉదయం ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు కడగండి. బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు పడతాయి, వెంటనే వైపర్‌తో లాగేయండి.

బ్యాకప్ కావాలంటే?

కరెంట్ పోయినా సోలార్ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. ఇది గ్రిడ్ పోగానే బయటి లైన్ నుంచి పూర్తిగా తెగిపోయి, లోపల తన సొంత అలతో కొన్ని పాయింట్లను నడుపుతుంది. బయటికి చుక్క కరెంట్ పోదు కాబట్టి లైన్‌మన్‌కు ప్రమాదం లేదు. బ్యాటరీ ఖర్చు మాత్రం లెక్క మార్చేస్తుంది. మా దగ్గర పవర్ కట్స్ తక్కువ కాబట్టి నేను ఆ ఖర్చు పెట్టలేదు. ఫ్యాన్లు, లైట్లు, వైఫైకి పాత యూపీఎస్‌నే విడిగా వాడుతున్నాం.

అపార్ట్‌మెంట్ వాళ్లకు ఒక మాట. లిఫ్టులు, మోటర్ల కామన్ మీటర్‌కు అసోసియేషన్ సోలార్ పెట్టించుకోవచ్చు, కిలోవాట్‌కు రూ. 18,000 సబ్సిడీ ఉంది. అయితే డీజిల్ జనరేటర్ నడుస్తున్నప్పుడు సోలార్ దాన్నే గ్రిడ్ అనుకుని కరెంట్ వెనక్కి తోసే ప్రమాదం ఉంది. దాన్ని అదుపు చేసే కంట్రోలర్ కొటేషన్‌లో ఉందో లేదో చూడండి.

ఎవరు తీసుకోవాలి?

నెలకు 300 యూనిట్లు దాటే సొంతిల్లు, దక్షిణం వైపు నీడ లేని డాబా ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. గృహజ్యోతిలో 200 యూనిట్లలోపు జీరో బిల్ వచ్చే ఇంటికి దీంతో మిగిలేది ఏమీ లేదు. కరెంట్ కోతే మీ అసలు సమస్య అయితే ఆన్‌గ్రిడ్ కొనొద్దు, హైబ్రిడ్ చూడండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో వాళ్లకు నాలా అబద్ధం చెప్పకండి.

ఆ రోజు కరెంట్ వచ్చేసరికి మూడున్నర అయింది. ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన మాట్లాడకుండా లోపలికెళ్లి మార్కర్ తెచ్చి, మీటర్ బాక్స్ మీద పెద్దక్షరాలతో రాశాడు: "ఈ ఇంటికి సోలార్ ఉంది. స్విచ్ ఎడమ పక్కన." మీకూ సిస్టమ్ ఉంటే ఆ రెండు ముక్కలు రాసి పెట్టండి. ఖర్చు పది రూపాయల మార్కర్.